సగం మొహానికి పోసిన అమ్మవారు

కడపలో నాదొక చిన్న బ్యూటీపార్లర్. రెండు కుర్చీలు, గోడంత అద్దం, ఎండాకాలంలో నాకంటే ఎక్కువ రొప్పే ఏసీ. కనుబొమలు తీయడం, ఫేషియల్ చేయడం, పెళ్ళికూతుళ్ళను సింగారించడం, ఇదే నా బతుకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్ళ మొహాలు నా మొహానికి జానెడు దూరంలో ఉంటాయి. అంత దగ్గర నుంచి వాళ్ళ మొగుళ్ళు కూడా చూసి ఉండరు.

అట్లా చూసీ చూసీ ఒంటి మీద లేచే వాటి సంగతి నాకు కొంత తెలిసింది. రెండు బుగ్గల మీదా జోడుగా గోధుమరంగు మరక పరుచుకుంటే మంగు. కాన్పుల తర్వాత వస్తుంది, ఎండకు ముదురుతుంది, తోమినంత మాత్రాన పోదు. మెడ మీద, వీపు మీద తెల్లటి చుక్కలు వచ్చి గోకితే సన్నగా పొట్టు రాలిందా, అది శోభి, చెమటకు పట్టేది. అంచు ఎర్రగా లేచి నడుమ మామూలుగా ఉండి గుండ్రంగా పెరిగేది తామర. వేళ్ళ సందుల్లో మొదలై, పడుకున్నాక ఎక్కువై, ఇంట్లో ఒకరికుంటే అందరికీ అంటుకునేది గజ్జి. పాలిపోయిన మచ్చ మీద చేయి వేస్తే వాళ్ళకు తెలియలేదంటే మాత్రం నేను క్రీము డబ్బా మూసేస్తాను, ముందు పెద్దాసుపత్రికి పొమ్మంటాను. ఇవేవీ నేను చదివినవి కావు. డాక్టర్ల దగ్గరికి పోయి వచ్చినవాళ్ళు నా కుర్చీలో కూర్చుని చెప్పగా చెవిన వేసుకున్నవి.

మా సీమలో మాత్రం వీటన్నిటికీ ఒకటే పేరు. వేడి. మొటిమ వచ్చినా వేడే, సెగగడ్డ లేచినా వేడే, తల్లో పొట్టు రాలినా వేడే. సబ్జా గింజలు నానేసుకుని తాగితే సరి, నడినెత్తిన ఆముదం పెడితే సరి. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తామర పట్టినమ్మ మెడికల్ షాపులో ఏదో ఒక ట్యూబు అడిగి తెచ్చుకుంటుంది. పూసినన్నాళ్ళు అది చచ్చినట్టు పడి ఉంటుంది, మానేయగానే రెండింతలై లేస్తుంది. ఆమె మళ్ళీ అదే ట్యూబు తెచ్చుకుంటుంది. ఇట్లాంటి వాళ్ళను నేను ఊరికే వదలను, గట్టిగా కడిగేసి పంపుతాను. నోరున్న మనిషని మా వీధిలో నాకు పేరు.

అంత నోరున్న నన్ను మా అమ్మ ఒక గదిలో కూర్చోబెట్టి, నొప్పి అనే మాట నోట రాకుండా చేసింది. అరిచి కాదు, కొట్టి కాదు. నాకు రెండు చేతులెత్తి దండం పెట్టి.

అది ఆషాఢం. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, పెళ్ళిళ్ళు లేకపోతే పార్లర్లో ఈగలు తోలుకోవాలి. అందుకని ఏటా ఆ నెలలో నాలుగు రోజులు షట్టరు దించి మా ఊరికి పోతాను. నందికొట్కూరు దగ్గర పల్లె మాది. ఇంట్లో మా అమ్మ, మా తమ్ముడు ఉంటారు. నాయన పోయి చాలా ఏళ్ళయింది. నా పెళ్ళి సంగతి అడగొద్దు, అది వేరే గోల, ఎప్పుడో తెగిపోయింది. కర్నూలు దాకా ఒక బస్సు, అక్కడ మారి ఇంకో బస్సు. దారిలోనే ఎడమ కణత పోటు మొదలైంది. కిటికీ పక్కన కూర్చున్నాను, గాలి కొట్టిందనుకున్నాను. ఇల్లు చేరేసరికి ఆ పక్కన జుట్టు కదిలినా నొప్పి. దువ్వెన పెట్టలేకపోయాను.

మా అమ్మ నా నుదుటి మీద చేయి వేసి, ఇంకేముంది, వేడి అంది. నడినెత్తిన ఆముదం అద్దింది. పోనీలే, కన్నతల్లితో వాదమెందుకని ఊరుకున్నాను.

ఆ వారం మా ఊళ్ళో పిల్లలకు అమ్మవారు పోస్తూ ఉంది. డాక్టర్లు చికెన్‌పాక్స్ అంటారే, అది. మా వీధిలోనే రెండిళ్ళ వాకిళ్ళకు వేపమండలు వేలాడుతున్నాయి. మరో రెండు పొద్దులు గడిచాక నేను నిద్ర లేచేసరికి నుదుటి మీద, ఎడమ కనురెప్ప మీద నీటి పొక్కులు లేచి ఉన్నాయి. మా అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి నా మొహం చూసింది. గ్లాసు కింద పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నాకు దండం పెట్టింది.

"మా ఇంటికొచ్చినావా తల్లీ, సల్లగ సూడు నా బిడ్డను," అంది. నా మొహంలోకి చూస్తూ అంది గానీ నాతో కాదు.

మా వైపు ఆ జబ్బును కూడా అమ్మ అనే పిలుస్తారు. నన్ను కన్న మనిషికీ దానికీ పేరొకటే. ఆ పొద్దు నుంచి ఆ ఇద్దరు అమ్మల నడుమ నేను ఇరుక్కున్నాను.

బుడ్డల మూటలు పెట్టుకునే చిన్న గది నాకిచ్చారు. వేరుశనగను మేం బుడ్డలంటాం. ఉత్తరం గోడకు పుస్తకమంత కిటికీ ఒకటి, నేల మీద చాప, చాప మీద వేపాకు, దాని మీద పాత నూలు చీర. గది గడపకు ఒక వేపమండ, వీధి వాకిలికి ఒకటి. అది కట్టాక బయటివాళ్ళు లోపలికి రారు, లోపలున్నదాన్ని గడప దాటనీయరు. ఇంట్లో తాలింపు వేయరు, నూనె వాసన రాకూడదు. తల దువ్వకూడదు. అద్దం చూడకూడదు. పొక్కులు మాడి నీళ్ళు పోసే రోజు దాకా స్నానం లేదు. సద్ది అన్నంలో మజ్జిగ, జొన్న అంబలి, ఇంతే. ఇవన్నీ పనికిమాలినవని నేననను. అంటుజబ్బు మనిషిని విడిగా ఉంచడం, మెత్తటి బట్ట వేయడం, కారం పెట్టకపోవడం, అన్నిట్లో అర్థం ఉంది. ఆ పిల్లలకు అవే మేలు చేసి ఉంటాయి కూడా.

కానీ ఇంకొకటుంది. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నొప్పి అనకూడదు, మంట అనకూడదు. అట్లా అంటే తల్లిని తిట్టినట్టు. ఎట్లుందని అడిగితే సల్లగుండాది అని చెప్పాలి. ఎంత ఎక్కువైతే అంత గట్టిగా సల్లగుండాది అనాలి. మా ఇంట్లో దీన్ని తప్పినవాళ్ళు లేరు.

నాకేమో మంట. ఇస్త్రీపెట్టె నుదుటి మీద పెట్టి తీయడం మరిచిపోయినట్టు ఉంది. ఉన్నట్టుండి లోపల నుంచి సూది దూర్చినట్టు ఒక పోటు, అది కంటిగుడ్డు వెనక దాకా పోయేది. ఈగ వాలినా ప్రాణం విలవిల్లాడేది. దురద మాత్రం పెద్దగా లేదు. మా అమ్మ గంటకోసారి గడప దగ్గరికి వచ్చి ఎట్లుండాది తల్లీ అని అడిగేది. నేను పళ్ళు బిగించి సల్లగుండాది అనేదాన్ని. ఆమె మొహం తేటపడేది, పోయేది. నేను మళ్ళీ కుక్కిన పేనులా చాప మీద పడి ఉండేదాన్ని.

కడపలో అంత నోరేసుకుని పడేదానివి ఎందుకు ఊరుకున్నావని మీరు అడుగుతారు. మా అమ్మను మూర్ఖురాలనుకుంటే పొరపాటు. నాకు మూడేళ్ళప్పుడు, మా అన్నకు ఆరేళ్ళప్పుడు, ఇద్దరికీ ఒకేసారి అమ్మవారు పోసింది. నాకదేమీ గుర్తులేదు. అన్నకు జ్వరం ఎక్కువై ఎగశ్వాస పట్టింది. మా జేజి, అంటే మా నాయన తల్లి, వద్దు వద్దంటున్నా వినకుండా మా అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని కర్నూలు ఆసుపత్రికి పరుగెత్తింది. పిల్లవాడు తిరిగి రాలేదు. వేపాకు మీద పడుకోబెట్టిన నేను లేచి తిరిగాను. తల్లి ఇంట్లో ఉండగా గడప దాటించినావు, అందుకే వాణ్ణి తీసుకపోయిందని మా జేజి తాను బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉంది. పప్పు మాడినా అదే మాట, వాన రాకపోయినా అదే మాట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మా అమ్మ ఆ మాటను చివరికి నమ్మేసింది. ఆసుపత్రికి పోయిన బిడ్డ పోయాడు, ఇంట్లో ఉన్న బిడ్డ మిగిలింది. ఆమె తన కళ్ళతో చూసినదానికి నేను ఏం చెప్పి అడ్డుపడేది?

మా తమ్ముడు ఇవన్నీ అయిపోయాక పుట్టినవాడు. వాడి పెంపకమంతా ఆ భయంలోనే జరిగింది.

గదిలో రెండో రోజు నాకు అనుమానం వచ్చింది. ఎడమ రెప్ప వాచి కన్ను సగం మూసుకుపోయింది. అద్దం ఇవ్వరు కదా, సెల్‌ఫోనులో ముందు కెమెరా తెరిచి చూసుకున్నాను. ఆ వెలుతురుకే కంట్లో నీళ్ళు కారాయి. అయినా చూశాను. మొహాలు చూడటమే కదా నా పని. పాపిట నుంచి ముక్కు దాకా నడిమికి గీత గీసినట్టు ఉంది. గీతకు ఎడమ పక్క నుదురంతా పొక్కులు, కుడి పక్క నుదురు నున్నగా ఉంది. రెప్ప మీద ఉన్నాయి, ముక్కు ఎడమ పక్కన ఉన్నాయి, ముక్కు కొస మీద కూడా రెండు లేచాయి. చెంప మీద లేవు. పైట తీసి చూసుకున్నాను. పొట్ట మీద లేవు, చేతుల మీద లేవు, కాళ్ళ మీద లేవు. అమ్మవారు పోసిన పిల్లలను నేను చూశాను. ముందు పొట్ట మీద, వీపు మీద లేస్తాయి, తర్వాత మొహం, చేతులు, కాళ్ళు. ఒక పక్క రెండో పక్క అని లేదు, ఆవాలు చల్లినట్టు ఒళ్ళంతా ఉంటాయి. కొన్ని ఎండుతుంటే కొన్ని కొత్తగా లేస్తుంటాయి.

అప్పుడు నాకొక ముసలామె గుర్తొచ్చింది. మనవరాలి పెళ్ళికి తలకు రంగు వేయించుకోవడానికి నా పార్లర్‌కు వచ్చింది. నుదురు సగానికి గుంటలు గుంటలు, ఆ పక్క కన్ను తెల్లబడి ఉంది. ఏమైందవ్వా అంటే, సర్పి అంది. సర్పి అంటే నడుము చుట్టూ వస్తుంది కదా అన్నాను. మొహానికి కూడా వస్తుందట అమ్మా, ముక్కు కొసకు పొక్కు లేచిందంటే కంట్లోకి పోయే దారి దొరికినట్టేనని డాక్టరు చెప్పాడు, నేను పోయేసరికే ఆలస్యమైపోయింది అంది. ఆ రోజు ఆమెకు కాఫీ తెప్పించి ఇచ్చాను, అయ్యో పాపం అన్నాను, తర్వాత మరిచిపోయాను.

ఫోను చాప మీద బోర్లించి కూర్చున్నాను. భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ప్రాణభయం కాదు, కన్ను భయం. నా పని దారంతో చేసే పని. రెండు వేళ్ళ మధ్య దారం, ఒక కొస పంటికింద, వెంట్రుకను ఒక్కొక్కటిగా పట్టి లాగాలి. బొమ పక్కనే కన్ను ఉంటుంది. దూరం దగ్గర తెలియాలంటే రెండు కళ్ళూ కావాలి. కన్ను పోతే నాకు వేరే ఏ పని వచ్చు? ఎవరి మీద పడి తినాలి?

మా అమ్మ మజ్జిగ తెచ్చినప్పుడు చెప్పాను. ఇది అమ్మవారు కాదు, సర్పి అన్నాను. నేను కావాలనే ఆ పేరు పట్టుకున్నాను. ఎందుకంటే సర్పికి గడప కట్టడి లేదు. పక్క ఊళ్ళో ఎర్రమన్ను కలిపి పొక్కుల చుట్టూ బొమ్మ గీసి మంత్రం చెప్పే మనిషి ఒకాయన ఉన్నాడు, నడుముకు సర్పి వస్తే మావాళ్ళు బండి కట్టుకుని అతని దగ్గరికి పోతారు. పొక్కుల వరస నడుము చుట్టూ తిరిగి తల తోక కలిస్తే మనిషి దక్కదంటారు, అందుకని ఆ రోజే పోతారు. నన్ను అతని దగ్గరికైనా బయటికి తీసుకుపోతే చాలు, అక్కడి నుంచి కర్నూలుకు దారి నేను చూసుకుంటాను. జబ్బుకు పేరు మారితే గానీ తలుపు తెరుచుకోదు, నా తెలివంతా దాని మీదే పెట్టాను.

మా అమ్మ వినింది. సర్పి నడుముకు వస్తాది గానీ మొగానికి యాడన్నా వస్తాదా అంది. నేను ఒకటే మాట అడిగాను.

"అమ్మవారు పోస్తే ఒళ్ళంతా పోస్తాది గదమా. సగం మొగానికి పోసి ఊరుకుంటాదా?"

ఆమె కూర్చుంది. నా జాకెట్టు పైకెత్తి వీపు చూసింది, పొట్ట చూసింది, అరికాళ్ళు కూడా చూసింది. ఎక్కడా ఏమీ లేదు. నా మాటలో నిజముందని ఆమెకు తట్టింది, ఖచ్చితంగా తట్టింది. కానీ తట్టడం వేరు, గడప దాటించడం వేరు. తల్లినే అడుగుదాం అంది.

మా ఇంట్లో అడిగే పద్ధతి ఒకటుంది. దేవుని గూట్లో మా ఊరి దేవత సుంకులమ్మ పటానికి కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి తడి పూలు అంటిస్తారు. కుడి పూవు ముందు రాలితే సరే అన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. మా అమ్మ ఆ మధ్యాహ్నం రెండు గన్నేరు పూలు అంటించి ఎదురుగా కూర్చుంది. నేను గదిలో నుంచి ఆమె వీపు చూస్తూ ఉన్నాను. కుడి పూవు రాలాలని నేనెంత మొక్కుకున్నానో చెప్పలేను. ఏ జబ్బును చూసినా డాక్టరు డాక్టరు అని అరిచేదాన్ని, ఒక గన్నేరు పూవు కోసం కొంగు పట్టుకుని ఏడ్చాను.

రెండూ రాలలేదు. అట్లే అతుక్కుని వాడిపోయాయి. మరుసటి పొద్దుకు ఎండి పటానికే పట్టుకుని ఉన్నాయి. రాలందే మా అమ్మ అక్కడి నుంచి కదలదు, ఆమె కదలందే నేను కదలలేను. ఒక పగలంతా అట్లా పోయింది.

మా తమ్ముణ్ణి పిలిచాను. వాడు గడప బయట నిలబడి నేల చూస్తూ విన్నాడు. బండి తీయరా, నన్ను కర్నూలులో దింపిరా, నీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. అమ్మ చెప్పందే ఎట్ల అక్కా, నీకేమన్నా అయితే అమ్మ బతుకుతాదా అన్నాడు. వాడిది అడకత్తెరలో పోకచెక్క బతుకు. వాణ్ణి తిట్టాను, తర్వాత వాడి కళ్ళల్లో నీళ్ళు చూసి ఊరుకున్నాను.

నూట ఎనిమిదికి ఫోను చేసి ఉండొచ్చు కదా అని నా కస్టమర్లు అంటారు. చేయొచ్చు. ఫోను చేతిలోనే ఉంది, రెండుసార్లు నంబరు నొక్కి తీసేశాను. వేపమండ కట్టిన వాకిలి ముందుకు అంబులెన్సు వచ్చి, మా అమ్మ చూస్తుండగా నన్ను ఎక్కించుకుని పోతే, ఆమె మళ్ళీ ఆ రోజులోకే పోతుంది. భుజాన బిడ్డను వేసుకుని పోయి, ఉత్త భుజంతో తిరిగొచ్చిన రోజులోకి. నా కన్ను కోసం ఆ పని చేయాలా వద్దా అని చాప మీద అటూ ఇటూ దొర్లాను. నాకు ధైర్యం చాలలేదు. తలుపుకు గొళ్ళెం లేదు, గడియ లేదు, అయినా నేను బయటికి రాలేకపోయాను.

మరునాడు తెల్లవారాక ఎడమ కన్ను పూర్తిగా అతుక్కుపోయింది. తడి గుడ్డతో మెల్లగా తుడిచి, వేళ్ళతో రెప్పలు విడదీసి చూశాను. కిటికీ వెలుతురు కనిపించింది. కిటికీ కనిపించలేదు. మా అమ్మ అంబలి గిన్నెతో గడపలో నిలబడి ఎప్పటిలాగే అడిగింది, ఎట్లుండాది తల్లీ అని.

ఇక నా వల్ల కాలేదు. అరవడానికి కూడా ఓపిక లేదు, మామూలుగానే చెప్పాను.

"మంట మా. శానా మంట. నాకు ఈ కంట్లో నువ్వు కనపడతాలేవు."

మా అమ్మ గబుక్కున వచ్చి నా నోటి మీద చేయి వేసింది. ఆ చేయి అట్లే పెట్టుకుని నా కన్ను చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆమె చేతిని తీయలేదు, ఆమె కూడా తీయలేదు. ఆ చేతి కింద నేను ఇంకోసారి మంట అన్నాను. ఆ మాట ఆమె చెవికి కాదు, అరచేతికి తగిలి ఉంటుంది.

లేచి బయటికి పోయింది. పటం దగ్గరికి పోతుందనుకున్నాను. పోలేదు. నా గది గడపకున్న వేపమండ పీకింది. వీధి వాకిలి దాకా పోయి అక్కడిది కూడా పీకింది. నీళ్ళు పోయకముందే మండ తీయడం మా ఊళ్ళో ఎవరూ చేయని పని. పక్కింటామె ఏందక్కా అది అని అడగడం వినిపించింది. మా అమ్మ మండలు రెండూ పట్టుకుని లోపలికి వచ్చింది.

"బండి తీయరా," అంది మా తమ్ముడితో. "తల్లికి కోపమొస్తే నా మీదికే రానీ. ముసిల్దాన్ని, ఒకసారి ఇచ్చినదాన్ని, ఇంకేం తీసుకుంటాది నా దగ్గర?"

మోటారు సైకిలు మీద నడుమ నన్ను కూర్చోబెట్టుకుని వెనక ఆమె కూర్చుంది. తడిపిన చీర కొంగు నా మొహం మీద కప్పి, గాలి తగలకుండా దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకునే ఉంది. ఎర్రమన్ను ఆయన ఊరికి తిరిగే దారి వచ్చింది. అటు కాదు అని ఆమే చెప్పింది.

కర్నూలులో కంటి డాక్టరు నా మొహం చూడగానే, ఎన్నాళ్ళయిందని అడిగాడు. మా అమ్మే చెప్పింది, దాచకుండా. ఆయన మందులు రాస్తూ వివరించాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి తగ్గినా దాని క్రిమి ఒంట్లో నుంచి పోదట. నరం మొదట్లో దాక్కుని నిద్రపోతుందట. ఏళ్ళు గడిచాక, మనిషి నలిగిపోయినప్పుడో, వయసు మీద పడినప్పుడో లేచి, తాను పడుకున్న నరం పొడుగునా పొక్కుతుందట. అందుకే ఒక పక్కనే వస్తుంది, నడిమి గీత దాటదు. నరంలో నుంచి వస్తుంది కాబట్టి పొక్కులకంటే ముందు నొప్పి మొదలవుతుంది. పొక్కులు లేచిన మొదటి రెండు మూడు రోజుల్లో మాత్ర పడితే చాలావరకు అణుగుతుందని, కన్ను దగ్గరైతే ఆ రోజే రావాలని చెప్పాడు.

మా అమ్మ గోడకు ఆనుకుని అన్నీ వినింది.

"అట్లయితే అది అమ్మవారే గదా సార్," అంది.

"అవునమ్మా, ఒక రకంగా అదే," అన్నాడాయన.

"అప్పుడు పోలేదన్నమాట. ఒకర్ని తీసుకపొయ్యి, ఇంకొకర్లో కూసునింది," అంది మా అమ్మ.

కన్ను పోలేదు. పూర్తిగా మిగలలేదు కూడా. నల్లగుడ్డు మీద మచ్చ పడింది. ఆ కంటితో చూస్తే లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలో ఉన్నట్టుంటుంది, మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. నుదుటి మీద గుంటలు మిగిలాయి. వాటిని పౌడరుతో ఎట్లా కప్పాలో నాకు తెలుసు, అది పెద్ద బాధ కాదు. పొక్కులు మాని ఇన్నాళ్ళయినా ఫ్యాను గాలి తగిలితే ఆ పక్క చురచుర మండుతుంది. ఇప్పుడు మంట అని గట్టిగానే అంటాను. త్రెడ్డింగ్ మానేశాను. ఒకసారి ప్రయత్నించి ఒక పిల్ల బొమ మీద చర్మం తెంపాను. ఆ పిల్ల పర్వాలేదక్కా అంది గానీ నా చేతులు మళ్ళీ దారం పట్టుకోలేదు. రెండో కుర్చీ ఇంకొకామెకు ఇచ్చాను, కనుబొమల పని ఆమె చేస్తుంది. మొదట్లో ఆమె దారం చప్పుడు వినపడితే నేను పార్లర్ వెనకే ఉన్న మా ఇంటి వంటగదిలోకి పోయి నిలబడేదాన్ని.

ఎవరైనా మొహానికి ఒక పక్కన పొక్కులతో వస్తే మాత్రం నేను చాలా గట్టిగా చెప్తాను. ముక్కు కొస చూస్తాను. ఆటో పిలిచి ఎక్కిస్తాను.

మా అమ్మ మీద కోపం పోయిందా అంటే పోలేదు. పోయిందని చెబితే అబద్ధం. ఆమె ఎందుకు చేసిందో తెలుసు, ఆ చోట నేనున్నా అదే చేసేదాన్నేమో. అయినా దారం చప్పుడు విన్నప్పుడల్లా ఎండిపోయిన ఆ గన్నేరు పూలు నా గొంతులో అడ్డం పడతాయి. ఇది ఆమెతో అనలేను, అనకుండా ఉండలేను.

ఈ ఏడు ఆమె కడపకు వచ్చి నా దగ్గర నెల రోజులుంది. అంతకుముందు ఎన్నిసార్లు పిలిచినా రెండు పూటలకే పొలమనేది, బర్రె అనేది. ఈసారి వంట చేసింది, తువ్వాళ్ళు ఉతికి ఆరేసింది, సాయంత్రం కస్టమర్లు పోయాక నా పక్కన కూర్చునేది. ఒకరోజు అన్నం తింటూ ఉండగా నాకు తట్టింది, ఆమె వచ్చినప్పటి నుంచి పక్కన కూర్చున్నప్పుడల్లా నేను ఆమె మొహం సరిగ్గా చూడనే లేదు. అన్నానికి కూర్చున్నా, టీవీ ముందు కూర్చున్నా, ఆటోలో కూర్చున్నా, ఆమె ఎప్పుడూ నా ఎడమ పక్కనే ఉంటుంది.

"ఈ పక్కకు రా మా," అన్నాను. "ఆడ కూసుంటే నీ మొగం కనపడదు నాకు."

"కనపడకుంటే ఏమిలే పాపా," అంది. "మాట ఇనపడతాది గదా."

నేను పీట తిప్పుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. తల వంచుకుని రెండు ముద్దలు తినింది. నీళ్ళు తెస్తానని లేచిపోయి, చెంబుతో తిరిగొచ్చి, మళ్ళీ నా ఎడమ పక్కకే వచ్చి కూర్చుంది.